తెలుగు చేశారు సరే, అర్థమేదీ?

సంపాదకుడు గారికి,

పెట్టుబడి పదాలకు అర్థాలంటూ మీరు వేసిన పట్టిక వచ్చి పదకొండు రోజులైంది. సవరణ వేస్తారేమోనని రోజూ పేజీ పేజీ తిరగేశాను. రాలేదు. ఇక ఉండబట్టలేక రాస్తున్నాను.

లిక్విడిటీ అంటే ద్రవ్యత్వం అన్నారు. సంతోషం. ఇంతకుముందు ఒక్క మాటే అర్థమయ్యేది కాదు, ఇప్పుడు రెండూ అర్థం కావడం లేదు. అవసరం పడ్డ రోజున అయినకాడికి తెగనమ్ముకోకుండా ఆస్తిని ఎంత త్వరగా డబ్బు చేసుకోగలం అన్నదే కదా లిక్విడిటీ! స్థలం ఎంత ఖరీదు చేసినా ఆస్పత్రి బిల్లు కట్టాల్సిన పూట అక్కరకు రాదు, సేవింగ్స్ ఖాతాలో ఉన్నది వస్తుంది. ఈపాటి రాయడానికి చోటు లేకపోయిందా?

ఇదంతా సర్దుకుపోవచ్చు. 'ఎన్ఏవీ తక్కువగా ఉన్న మ్యూచువల్ ఫండ్ చవక' అని రాశారే, దానికి మాత్రం ఒళ్లు మండింది. పదిమంది డబ్బూ పోగేసి షేర్లూ గట్రా కొనేది ఫండ్, అందులో మన వాటాలే యూనిట్లు. ఫండ్ దగ్గరున్న ఆస్తుల విలువలోంచి అప్పులూ ఖర్చులూ తీసేసి, మిగిలినదాన్ని యూనిట్ల సంఖ్యతో భాగిస్తే వచ్చే ఒక్కో యూనిట్ విలువే ఎన్ఏవీ. లక్ష పెడితే ఎన్ఏవీ 10 ఉన్న ఫండ్‌లో పది వేల యూనిట్లు వస్తాయి, 100 ఉన్నదాంట్లో వెయ్యి వస్తాయి. లోపలున్న షేర్లు రెండింటిలోనూ 8 శాతం పెరిగితే రెండుచోట్లా చేతికొచ్చేది లక్షా ఎనిమిది వేలే. ఇందులో చవకేమిటి? మా తమ్ముడు మీ పట్టిక కత్తిరించి బీరువా తలుపుకి అంటించుకున్నాడు. బాగా నడుస్తున్న ఫండ్ అమ్మేసి 'చవకది' కొంటానంటున్నాడు. కాదురా అంటే, 'పేపర్లో వేశారుగా' అంటాడు. ఏం చెప్పమంటారు?

ఎక్స్‌పెన్స్ రేషియోని 'నామమాత్రపు నిర్వహణ వ్యయం' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఫండ్ నడిపినందుకు ఏటా ఇంత శాతమని తీసుకునే ఖర్చది. దానికి బిల్లు రాదు, రోజూ ఎన్ఏవీలోంచే కోసేస్తారు, అందుకే కనపడదు. ఏటా 10 శాతం చొప్పున పెరిగితే వంద రూపాయలు ముప్పై ఏళ్లలో సుమారు 1,745 అవుతాయి. అందులో ఏటా 2 శాతం ఖర్చుల కింద పోయి 8 మిగిలిందనుకోండి, అయ్యేది 1,006. ఇది నామమాత్రమా!

మిమ్మల్ని అని ఏం లాభం లెండి, అధికారులూ అంతే. అవగాహన వారోత్సవాలంటూ బ్యానర్లు కడతారు, ఫొటోలు దిగుతారు. అప్పు కాగితాల మీద 'ఫ్లాట్ 10 శాతం' అన్న మాట మాత్రం వాళ్ల కళ్లకు ఆనదు. నెలనెలా అసలు తీరుస్తూ పోతున్నా, వడ్డీ మాత్రం మొదట తీసుకున్న మొత్తం మీదే వేస్తారు. ఏడాది వాయిదాల అప్పుకి అది నిజానికి 18 శాతం దాకా పడుతుంది. ఇది విడమరచి చెప్పే నాథుడు లేడు. ప్రకటనల చివర రిస్కు హెచ్చరికను ఎవరో తరుముతున్నట్టు చదివేస్తారు, అదీ మన అవగాహన!

ఎన్ఏవీ సంగతి సవరించి, పట్టిక వేసినంత పెద్ద అక్షరాల్లోనే వేయండి. మా బీరువా తలుపు మీద ఇంకా చోటుంది.

అన్నట్టు, ఆ పట్టిక కిందనే ఉన్న అర పేజీ ప్రకటన చూశారా? యూనిట్ పదికే కొత్త ఫండ్! కాకతాళీయమే అయ్యుంటుంది.

ఇట్లు,
రిటైరైన ఒక లెక్కల మాస్టారు