మాడ్యులర్ ఇళ్లకు తీరప్రాంత ప్రమాణాలు కావాలి

సంపాదకులకు నమస్కారం.

గోడలు, పైకప్పు ఫ్యాక్టరీలో తయారుచేసి, స్థలానికి తెచ్చి బోల్టులతో బిగించే చిన్న మాడ్యులర్ ఇళ్ల ప్రకటనలు విశాఖలోనూ విరివిగా కనిపిస్తున్నాయి. ఇసుక, నీరు, సమయం ఆదా అవుతాయన్న మాట నిజమే. 2021 జనవరి 1న చెన్నై, రాజ్‌కోట్ సహా ఆరు నగరాల్లో శంకుస్థాపన జరిగిన కేంద్ర ప్రభుత్వ గృహనిర్మాణ పథకం ‘లైట్ హౌస్ ప్రాజెక్టు’ల ఉద్దేశం కూడా ఇలాంటి కొత్త పద్ధతులను ఆచరణలో చూపడమే. అయితే ఎక్కడి నమూనానో యథాతథంగా సముద్రం ఒడ్డుకు తేవడం సరికాదు.

పెదవాల్తేరులోని మా మేడపై అలాంటి గది ఒకటి వేయించాను. రెండో వానాకాలం దాటకముందే ఉప్పుగాలికి బోల్టుల కింద తుప్పు చారలు దిగాయి. ఒకదానికి పానా పెట్టి తిప్పితే తల ఊడి చేతికొచ్చింది. మధ్యాహ్నం పడమటి గోడపై చెయ్యి ఆనించలేము. అమ్మినవారిని అడిగితే ఏసీ పెట్టించుకోమన్నారు!

భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విశాఖలో కట్టడాల డిజైనుకు సెకనుకు 50 మీటర్ల, అంటే గంటకు 180 కిలోమీటర్ల గాలివేగాన్ని నిర్దేశిస్తోంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ధాటికి రేకులు ఎగిరిపోవడం చూసినవారికి ఆ అంకెను వివరించనక్కర్లేదు. తేలికైన ఇంటికి గాలి పైకప్పును పైకి లాగే బలమే అసలు గండం కనుక, పునాదిలోకి దిగిన యాంకర్ బోల్టులు, ఇనుముపై జింకు పూత మందం, ఎదురెదురు కిటికీలు, పడమటి వైపు చూరు ఉన్నాయో లేదో ప్లాను మంజూరు సమయంలోనే నగరపాలక సంస్థ పరిశీలించాలి. పడమటి గోడ ఒక్కటైనా ఫ్లైయాష్ (బొగ్గు కాల్చగా మిగిలే బూడిద) ఇటుకతో కడితే ఎండ వేడి లోపలికి ఆలస్యంగా చేరుతుంది. ఆ బూడిదకు పరవాడ థర్మల్ కేంద్రం ఉండగా మనకు కొరత లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పెదవాల్తేరు, విశాఖపట్నం