స్మార్ట్ మీటరు బిగించిన రోజే వేళవారీ ధర వద్దు

గౌరవనీయులైన సంపాదకులకు,

ఇళ్లకు స్మార్ట్ మీటర్లు బిగించే పనిపై పత్రికల్లో సాగుతున్న చర్చ చాలావరకు మీటరు ఎక్కువ తిరుగుతుందా, ప్రీపెయిడ్ అయితే బ్యాలెన్సు అయిపోగానే కరెంటు పోతుందా అన్న ప్రశ్నల దగ్గరే ఆగిపోతోంది. ఆ మీటరుతో పాటు ఇంట్లో అడుగుపెట్టే మరో మార్పు, అంటే యూనిట్ ధర రోజులోని వేళను బట్టి మారడం, తగినంతగా చర్చకు రావడం లేదు. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2023 జూన్‌లో తెచ్చిన సవరణ ప్రకారం, వ్యవసాయం మినహా మిగిలిన వినియోగదారులందరికీ 2025 ఏప్రిల్ 1 నాటికి టైమ్ ఆఫ్ డే (టీఓడీ) టారిఫ్, అంటే వేళవారీ ధర, అమలు కావలసింది. స్మార్ట్ మీటరు ఉన్నవారికైతే ఆ గడువుతో సంబంధం లేకుండా, మీటరు బిగించిన వెంటనే వర్తించాలి. నా అభ్యంతరం ఈ తొందర మీదే.

వేళను బట్టి ధర ఉండడమే తప్పని నేను అనడం లేదు. ఏ సమయంలో విద్యుత్ కావాలన్నదాన్ని బట్టి ధరలో తేడా చూపే అధికారాన్ని 2003 నాటి విద్యుత్ చట్టమే 62వ సెక్షన్‌లో విద్యుత్ ధరలు నిర్ణయించే నియంత్రణ మండళ్లకు ఇచ్చింది. పెద్ద పరిశ్రమలకు ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. పగలు పుష్కలంగా వచ్చే సౌర విద్యుత్ పొద్దు వాలాక కొద్ది గంటల్లోనే సున్నాకు చేరుతుంది, సరిగ్గా అదే వేళకు ఇళ్లల్లో దీపాలు, ఫ్యాన్లు, ఏసీలు, వంటగది పరికరాలు ఒక్కసారిగా పని మొదలుపెడతాయి. ఆ లోటు పూడ్చడానికి థర్మల్, జల విద్యుత్ కేంద్రాల ఉత్పత్తిని వేగంగా పెంచాలి, చాలకపోతే విద్యుత్ అమ్మకాలు, కొనుగోళ్లు జరిగే ఎక్స్ఛేంజీలో ఎక్కువ ధర పెట్టి కొనాలి. ఫీడర్లు, ట్రాన్స్‌ఫార్మర్ల సామర్థ్యం కూడా ఆ కొద్ది గంటల గిరాకీని దృష్టిలో పెట్టుకునే నిర్ణయించాలి. ఆ ఖర్చు ఇప్పుడు కూడా మనమే కడుతున్నాం, కాకపోతే అందరి బిల్లుల్లో సమానంగా కలిసిపోయి కనబడదు.

ఇక నిబంధనలోని అంకెలు చూద్దాం. గిరాకీ ఎక్కువగా ఉండే పీక్ వేళల్లో గృహ వినియోగదారుడి యూనిట్ ధర మామూలు ధరకు 1.10 రెట్ల కంటే తక్కువ ఉండకూడదు. సౌర వేళలుగా నియంత్రణ మండలి ప్రకటించే ఎనిమిది గంటల్లో కనీసం 20 శాతం తగ్గించాలి. పీక్ వేళల మొత్తం నిడివి సౌర వేళలను మించకూడదు. పెంపు, తగ్గింపు రెండూ వాడిన యూనిట్లకు వేసే ఎనర్జీ ఛార్జీ మీదే తప్ప స్థిర ఛార్జీ మీద కాదు. ఈ లెక్కన నెలకు 200 యూనిట్లు వాడే ఇంట్లో 80 యూనిట్లు పీక్ వేళల్లో, 40 సౌర వేళల్లో, మిగిలిన 80 ఇతర వేళల్లో ఖర్చయితే, పెరిగేదీ తగ్గేదీ సరిగ్గా చెల్లుకు చెల్లవుతాయి. అంటే పీక్ వాడకంలో సగమైనా పగటి వాడకం ఉన్న ఇంటికి నష్టం లేదు. బిల్లు రెట్టింపవుతుందన్న ప్రచారానికి ఈ నిబంధనలో ఆధారం లేదని ఒప్పుకోవాలి. అయితే ఆ 1.10 కనీస హద్దు మాత్రమే, గరిష్ఠ హద్దు నిబంధనలో ఎక్కడా లేదు. రేపు మండలి దాన్ని 1.20 చేస్తే, అదే ఇల్లు వాడకంలో ఏ మార్పూ లేకుండానే ఎనర్జీ ఛార్జీ 4 శాతం ఎక్కువ కట్టాలి.

పై లెక్క నిజానికి చాలా సులువైనది, ఎందుకంటే అందులో శ్లాబులు లేవు. మన ఇళ్ల బిల్లు శ్లాబుల మీద నడుస్తుంది. శ్లాబు నెల మొత్తం వాడకాన్ని చూస్తుంది, టీఓడీ గంటను చూస్తుంది. నెల చివరి వారంలో పై శ్లాబులోకి వెళ్లిన ఇంటికి ఆ వారం సాయంత్రాలు వాడిన యూనిట్లపై పది శాతం ఏ ధర మీద వేయాలి? పై శ్లాబు ధర మీదా, నెల సగటు మీదా? నెలంతా పగటిపూట వాడిన యూనిట్లకు రావలసిన రాయితీని ఏ శ్లాబులో లెక్కించాలి? టారిఫ్ ఉత్తర్వు దీనికి ఏదో ఒక సూత్రం చెప్పవచ్చు, కానీ ఆ సూత్రాన్ని చదివి తన బిల్లును తానే సరిచూసుకోగల వినియోగదారులు ఎందరుంటారు? పైగా మీటరు ప్రీపెయిడ్ అయితే నెలకోసారి చేతికి వచ్చే కాగితం స్థానంలో ప్రతిరోజూ బ్యాలెన్సు నుంచి కొంత మొత్తం కోతపడుతుంది. ఆ కోతలో ఎంత పీక్ వేళలదో, ఎంత పగటిదో విడివిడిగా చూపకపోతే, వేళ మార్చుకొమ్మని ధర ద్వారా ఇచ్చే సంకేతం వినియోగదారుడికి చేరనే చేరదు.

వేళ మార్చుకునే వీలు కూడా అన్ని ఇళ్లకూ ఒకేలా ఉండదు. నీటి మోటారు, వాషింగ్ మెషీన్, ఇస్త్రీ, విద్యుత్ వాహనం ఛార్జింగు వంటివి పగటికి జరపవచ్చు, అదీ పగలు ఇంట్లో మనిషి ఉంటేనే. ఫ్రిజ్‌కు వేళ లేదు. సాయంత్రం ఇంటికి వచ్చి వండుకునేవారికి, ఆక్సిజన్ యంత్రం మీద ఆధారపడిన రోగికి మార్చుకోవడానికి ఏముంటుంది? ఇన్వర్టర్ సంగతి మరీ విచిత్రం: సాయంత్రం సరఫరా ఆగిపోతే ఖాళీ అయిన బ్యాటరీ, కరెంటు రాగానే పీక్ వేళలోనే మళ్లీ ఛార్జవుతుంది, అంటే డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) కలిగించిన అంతరాయానికి వినియోగదారుడు పది శాతం అదనంగా చెల్లిస్తాడన్నమాట.

ఇతర దేశాలు ఈ దారిలో మనకంటే ముందే నడిచాయి. ఇటలీలో 2001లో మొదలుపెట్టి కొన్నేళ్లలోనే సుమారు మూడు కోట్ల మీటర్లు మార్చారు, కానీ గృహాలకు రెండు వేళల ధరను విస్తృతంగా వర్తింపజేసింది 2010లో. ధరల తేడా స్వల్పంగా ఉండటంతో వాడకపు వేళల్లో వచ్చిన మార్పూ స్వల్పమే. అమెరికాలోని టెక్సస్ దీనికి పూర్తిగా అవతలి అంచు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టోకు మార్కెట్ ధర యూనిట్‌కు 9 డాలర్ల గరిష్ఠ పరిమితిని తాకినప్పుడు, ఆ ధరకే నేరుగా ముడిపడిన పథకాల్లో ఉన్న కుటుంబాలకు వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. ఆ ఏడాదే అక్కడి శాసనసభ గృహాలకు అలాంటి పథకాలను నిషేధించింది. మనకు పనికొచ్చే ఉదాహరణ కాలిఫోర్నియాది. 2019 నుంచి అక్కడి పెద్ద విద్యుత్ సంస్థలు గృహ వినియోగదారులను దశలవారీగా వేళవారీ ధరకు మార్చినప్పుడు, తొలి పన్నెండు నెలల్లో కొత్త పద్ధతి వల్ల పాత పద్ధతి కంటే ఎక్కువ కట్టి ఉంటే ఆ తేడాను తిరిగి జమ చేశాయి. ఇష్టం లేనివారు పాత పద్ధతిలోనే ఉండిపోయే వీలూ ఇచ్చాయి.

ఇక్కడ కూడా మీటరు బిగించిన తరువాత ఒక పూర్తి సంవత్సరం, అంటే ఎండాకాలం, వానాకాలం, చలికాలం అన్నీ గడిచేదాకా, ప్రతి బిల్లులో పాత పద్ధతి, వేళవారీ ధర రెండు లెక్కలూ పక్కపక్కన ముద్రించి, రెండింటిలో తక్కువ మొత్తమే వసూలు చేయాలని నా అభ్యర్థన. స్మార్ట్ మీటరును రోజుకు ఒకసారైనా దూరం నుంచే రీడింగ్ తీయాలని, ఆ సమాచారం వినియోగదారుడికి అందాలని నిబంధనలే చెబుతున్నాయి కాబట్టి, రెండో లెక్కకు కొత్త యంత్రమేదీ అక్కర్లేదు. మీటరు రీడింగుపై అనుమానం వస్తే అయిదు రోజుల్లో అదనంగా చెక్ మీటరు పెట్టి కనీసం మూడు నెలలు సరిపోల్చాలని 2024 ఫిబ్రవరి సవరణ చెప్పింది. యూనిట్ల సంఖ్యకు ఇంత జాగ్రత్త చూపినప్పుడు, ఆ యూనిట్లు ఏ గంటలో పడ్డాయన్నదానికి కూడా అదే స్థాయి రక్షణ ఉండాలి. పీక్ ధరకు గరిష్ఠ హద్దునూ మండళ్లు తమ ఉత్తర్వుల్లో ముందే ప్రకటించాలి.

డిస్కంలు వచ్చే ఆర్థిక సంవత్సరపు ఆదాయ అవసరాల నివేదికలను ఏటా నవంబరు నెలాఖరుకు నియంత్రణ మండళ్లకు సమర్పించాలి, వాటిపై బహిరంగ విచారణ జరుగుతుంది. ఇప్పటికే స్మార్ట్ మీటర్లు బిగించిన ఇళ్ల వాడకం ఏ వేళల్లో ఎంత ఉందో, పేర్లు, సర్వీసు నంబర్లు బయటపడకుండా, శ్లాబుల వారీగా ఆ నివేదికలకు జతచేయాలని మండళ్లు ఆదేశించాలి. ఏ శ్లాబు వారిపై ఎంత భారం పడుతుందో ఆ పట్టికలో కనబడితే, విచారణకు వచ్చే వినియోగదారులు అంకెలు చేతబట్టుకుని మాట్లాడగలుగుతారు.

భవదీయుడు,
ఒక గృహ విద్యుత్ వినియోగదారుడు