మంత్రిగారూ, పౌర్ణమి పోటుకు రండి

ఒడిశా రెవెన్యూ, విపత్తు నిర్వహణ శాఖ మంత్రిగారికి,

నమస్కారం. గంజాం జిల్లా తీరాన ఉన్న ఓ తెలుగు మత్స్యకారుల ఊరి నుంచి రాస్తున్నాను. ఒడియా వాళ్లు మమ్మల్ని నోలియాలు అంటారు. ఈ ఉత్తరం మీకు ఒడియాలోనూ పంపాను. తెలుగులో రాస్తున్నది మా ఊరి పెద్దలు విని, తప్పులుంటే దిద్దుతారని.

ముందు మా అమ్మ వంటగది సంగతి చెబుతాను. అది పోవడానికి మూడేళ్లు పట్టింది. మొదట ఇంటి వెనక సరుగుడు చెట్లు ఒరిగాయి. మరుసటేడు మరుగుదొడ్డి పోయింది. కిందటేడు ఆషాఢంలో గోడ కింద ఇసుక జారిపోయి, గచ్చు గాల్లో వేలాడింది. అమ్మ పొయ్యిని గుమ్మం వైపు జరుపుకుని ఇంకో రెండు రోజులు అక్కడే వండింది. మూడో రోజు తెల్లారకముందే గోడ పడిపోయింది. ఆ రోజు గాలీ లేదు, వానా లేదు.

పరిహారం కోసం ఆఫీసుకు వెళ్తే "ఏ తుఫానులో పోయింది?" అని గుమస్తా అడిగాడు. తుఫాను కాదన్నాను. "అయితే ఏ పద్దు కింద రాయమంటారు?" అన్నాడు. పాపం, మర్యాదస్తుడే, కుర్చీ వేసి టీ కూడా తెప్పించాడు. ఆ ఫారంలో మా కష్టానికి గడి లేదు, అంతే.

ఆ గడి కోసమే ఈ ఉత్తరం.

తుఫానుల విషయంలో మన రాష్ట్రాన్ని వేలెత్తి చూపలేం. 1999 పెను తుఫానులో సుమారు పదివేల మంది పోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటినా, దాదాపు పది లక్షల మందిని ముందే తరలించడంతో మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. కానీ సముద్రం రోజుకింత నమిలేస్తుంటే సైరన్ మోగదు. పరిహారానికి కేంద్రం గుర్తించిన విపత్తుల్లో తుఫాను ఉంది, సునామీ ఉంది, పంటకు పట్టే పురుగు కూడా ఉంది. తీరం కోత లేదు. రాష్ట్రాలు తమ జాబితా తాము పెట్టుకోవచ్చు. పిడుగుపాటు, పాముకాటు మనం అలాగే చేర్చుకున్నాం. కేరళ తీరం కోతనూ చేర్చింది. 15వ ఆర్థిక సంఘం 2021–26కి, కోతతో ఊళ్లు పోయినవాళ్ల పునరావాసానికని వెయ్యి కోట్లు చూపింది. అందులో మా తీరానికి ఎంత అడిగారో దయచేసి చెప్పండి.

తప్పంతా వాతావరణ మార్పు మీదకు నెట్టేయడమూ సబబు కాదు. 1901 నుంచి ప్రపంచంలో సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగిన మాట నిజమే. అయితే తూర్పు తీరంలో ఇసుక ఏటా దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. దానికి అడ్డంగా రాతికట్ట కడితే దక్షిణాన మేట వేస్తుంది, ఉత్తరాన కోసేస్తుంది. ఇది మా తాతలకూ తెలుసు. మా ముందు నాలుగు బండరాళ్లు పోస్తే మా కోత పక్క ఊరికి పోతుంది. వాళ్లూ మా చుట్టాలే.

అందుకే కదలడానికి మేం సిద్ధం. కానీ ఎక్కడికి? ఒడ్డున నిలబడి లాగే అలివి వల లాగాలంటే రెండు తాళ్ల దగ్గరా బారులు తీరి జనం నిలబడాలి, కాళ్ల కింద ఇసుక ఉండాలి. లాగిన చేప ఎండాలన్నా ఇసుకే కావాలి. కేంద్రాపడా జిల్లాలో కోతకు ఊరు పోయిన సాతభాయా వాళ్లను బాగపాటియాకు తరలించారు. ఇళ్లొచ్చాయి గానీ పని రాక, మగవాళ్లు కేరళ దాకా వలస పోతున్నారు. కేరళలోనేమో తీరాన ఉన్న కుటుంబానికి పది లక్షలిచ్చి ఎవరి జాగా వాళ్లను వెతుక్కోమన్నారు. మాకు అదీ వద్దు, వల ఒక్కడు లాగేది కాదు.

ఫిజీలో వునిదోగోలోవా ఊరు 2014లో, ఊరంతా ఒక్కటిగా, తమ సొంత భూమిలోనే రెండు కిలోమీటర్లు లోపలికి జరిగింది. పనామాలో గార్డి సుగ్‌దుబ్ దీవి నుంచి 2024లో సుమారు మూడు వందల కుటుంబాలు తీరం మీదకు వచ్చాయి, రానన్నవాళ్లను దీవిలోనే ఉండనిచ్చారు. మాకు కావాల్సింది ఇలాంటిదే. వాతావరణ మార్పుతో నష్టపోయిన దేశాల కోసం 2022లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌ సదస్సులో ఒప్పుకున్న నిధి మా వీధి దాకా వస్తుందని నేను ఎదురుచూడ్డం లేదు. అది వచ్చేలోపు మా ముందుగది కూడా పోతుంది.

మా విషయంలో ఏ కాగితం మీదైనా సంతకం పెట్టే ముందు ఒకసారి వచ్చి చూడండి. అధికారులు ఆటు వేళకు వస్తుంటారు. అప్పుడు ఇసుక బాగా కనబడుతుంది, ఫొటోలూ బాగా వస్తాయి. మీరు పౌర్ణమి పోటుకు రండి. టేపు మేం తెస్తాం. మా గుమ్మం నుంచి నీళ్ల దాకా కిందటి నెల కొలిస్తే పదకొండు అడుగులు వచ్చింది.

ఇట్లు,
గంజాం తీరం నుంచి ఓ వలకారి కొడుకు