మిషన్‌తో పాటు అట్టలు కూడా ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

మహిళలకు ఉచితంగా కుట్టు నేర్పి, చివరి రోజున మిషన్లు పంచే కార్యక్రమాల వార్తలు మీ జిల్లా పేజీల్లో తరచుగా వస్తున్నాయి. రాయదుర్గంలో ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుడుతూ, అందులో పదిహేనేళ్లుగా ఆడపిల్లలకు ఆ పని నేర్పుతూ ఉన్నదాన్ని కనుక ఆ వార్తలను శ్రద్ధగానే చదువుతాను. ఫొటోలో మిషన్ ఉంటుంది, టేపు ఉంటుంది, కత్తెర ఉంటుంది. గుడ్డ మీద గుర్తులు పెట్టడానికీ, కత్తిరించిన ముక్కలను తప్పు లేకుండా జత చేయడానికీ పనికివచ్చే అట్టలు మాత్రం ఇంతవరకు నాకు ఏ ఫొటోలోనూ కనబడలేదు. ఈ లేఖ ఆ అట్టల గురించే.

కాలరుకూ జేబుకూ కోసి పెట్టుకున్న అట్టలు ప్రతి దర్జీ దుకాణంలోనూ మేకుకు వేలాడుతుంటాయి. నేను చెప్పేవి జాకెట్టు మొత్తానికి, అంటే ముందు భాగానికి, వెనుక భాగానికి, చేతికి, నడుం పట్టీకి విడివిడిగా చేసుకునే అట్టలు. అట్ట అంచు కత్తిరించాల్సిన గీతను చూపుతుంది. అంచుకు అర అంగుళం లోపల సన్నని గాడులు కోసి ఉంటాయి, వాటిలో చాక్ నడిపితే కుట్టు గీత పడుతుంది. డాట్, అంటే గుడ్డ ఒంటికి అమరేలా మొనదేలేటట్టు మడిచి వేసే కుట్టు, దాని మొన రావలసిన చోట పెన్సిల్ మొన పట్టేంత రంధ్రం ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యమైనవి అంచు వెంట ఉండే చిన్న గాట్లు. జీన్స్ యూనిట్లలో వీటిని నాచ్ అంటారు. చంక దగ్గర ముందు వైపుకు ఒక గాటు, వెనుక వైపుకు రెండు గాట్లు పెట్టడం వాడుక. చెయ్యి అతికేటప్పుడు ఒంటి గాటు ఒంటి గాటుతో, జంట గాట్లు జంట గాట్లతో కలిస్తే, అక్షరం రాని మనిషి కూడా ముందు వెనుకలు తారుమారు చేయదు. గాటు పావు అంగుళానికి మించి లోతు పోకూడదు, పోతే కుట్టు దాకా వచ్చి అక్కడే చిరుగుతుంది. ఇదేమీ కొత్త విద్య కాదు. అమెరికాలో బటరిక్ అనే దర్జీ సైజుల వారీగా కాగితపు నమూనాలు అమ్మడం 1863లోనే మొదలుపెట్టాడు.

ఇవి లేకపోతే ఏమవుతుందో ఒక సంగతి చెబుతాను. మొన్నటి శ్రావణ మాసంలో, ఒక కేంద్రంలో మూడు నెలల శిక్షణ ముగించి మిషన్ కూడా తెచ్చుకున్న అమ్మాయి ఒకతె సంచి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. పక్కింటావిడ నమ్మి ఇచ్చిన ధర్మవరం పట్టుచీర జాకెట్టు ముక్క ఆ సంచిలో కత్తిరించి ఉంది. "అక్కా, ఒక చెయ్యి బాగానే కూర్చునింది, రెండోది ఎట్ల పెట్టినా మెలి తిరుగుతాంది" అని చెప్పింది. అప్పటికే రెండుసార్లు విప్పి కుట్టడంతో రెండో చంక చుట్టూ సూది రంధ్రాలు వరుసగా కనబడుతున్నాయి. నేను రెండు చేతులనూ విప్పించి, మెరిసే వైపు పైకి ఉండేలా బల్ల మీద పక్కపక్కన పరిచాను. చేతి పైభాగంలో ముందు వైపు వంపు ఎక్కువ లోతుగా, వెనుక వైపు వంపు తక్కువ లోతుగా ఉంటుంది. రెండు ముక్కలు అద్దంలో బొమ్మల్లా ఎదురెదురుగా ఉండాల్సింది పోయి, రెండింటికీ లోతు వంపు ఎడమ పక్కనే ఉంది. అంటే ఆ పిల్ల ఒకే పక్క చేతులు రెండు కత్తిరించింది.

తప్పంతా ఆమెదే అనలేను. గుడ్డను మంచి వైపులు లోపలికి వచ్చేలా మడిచి, రెండు పొరలూ కలిపి కత్తిరించమని కేంద్రంలో నేర్పారు, అలా చేస్తే కుడి ఎడమలు వాటంతట అవే వస్తాయి. పట్టు ముక్కేమో ఎనభై సెంటీమీటర్లు ఉంటుంది. రెండు చేతుల చివరా జరీ అంచు రావాలంటే ఆ ముక్కలో మడత కుదరక ఒక్కో చెయ్యిని విడిగా కత్తిరించాల్సి వచ్చింది. ఆది జాకెట్టు చెయ్యినే పెట్టి ఒకసారి గీసింది, దాన్ని తిప్పకుండా మళ్లీ గీసింది. మిగిలిన గుడ్డలో ఇంకో చెయ్యి రాదు. పట్టును తిరగేసి వాడదామంటే వెనుక పక్క జరీ పోగులు తేలి కనబడతాయి. చివరికి వెనుక వంపును కూడా ముందు వంపంత లోతుగా కోసి ఎలాగో అతికించాము. చూపుకు బాగానే ఉంది కానీ, ఆ జాకెట్టు వేసుకుని చెయ్యి ముందుకు చాచినప్పుడల్లా వీపు మీద పట్టేస్తుంది. ఆ పిల్ల కూలి తీసుకోలేదు. అట్టకు ఒక పక్క "కుడి" అని, తిరగేస్తే "ఎడమ" అని రాసి ఉంటే ఈ గొడవే లేదు.

చెయ్యి సంగతి అలా ఉంటే, ఇప్పుడు పెళ్లికూతుళ్లందరూ అడిగే ప్రిన్సెస్ కట్ మరింత చిక్కైనది. అందులో మధ్య ముక్కకు ఒక రకం వంపు, పక్క ముక్కకు దానికి ఎదురు వంపు ఉంటుంది. కుట్టు గీతల పొడవు రెండింటికీ సమానమే అయినా, కుట్టు కోసం వదిలిన అర అంగుళం వల్ల ఉబ్బు వంపు ఉన్న ముక్కకు బయటి అంచు పొడవు పెరుగుతుంది, లోతు వంపు ఉన్న ముక్కకు తగ్గుతుంది. కొత్తగా నేర్చుకున్నవాళ్లు బయటి అంచులను పట్టుకుని పై నుంచి కింద దాకా జత చేసుకుంటూ పోయి, కిందికి వచ్చేసరికి ఒక ముక్క మిగిలిపోయిందని ఆ మిగులును కత్తిరించేస్తారు. రొమ్ము దగ్గర రావలసిన నిండుతనం అక్కడే పోతుంది. కుట్టు గీత మీద మూడు చోట్ల గాట్లకు గుర్తులు పెట్టి, ముందు వాటిని గుండుసూదులతో కలిపి, తర్వాత మధ్యభాగాలను సర్దుకుంటే ఆ మిగులు రాదు. నోటితో పదిసార్లు చెప్పినా ఎక్కని ఈ విషయం అట్ట చేతికిస్తే ఒక్క పూటలో ఎక్కుతుంది, ఇది నా అనుభవం.

బజారులో పలుచని ప్లాస్టిక్‌తో చేసిన అట్టలు సైజుల వారీగా దొరుకుతున్న మాట నిజమే. మన పనికి అవి ఉన్నవి ఉన్నట్టుగా సరిపోవు. వాటి మీద ఒక బాణం గుర్తు ఉంటుంది, దాన్ని పడుగు దారం వెంట, అంటే గుడ్డ అంచుకు సమాంతరంగా పెట్టాలి. మన చీర జాకెట్టులో జరీ అంచు చేతి చివరకు రావాలి కనుక, చేతి పొడవు పడుగు వెంట కాక పేక, అంటే అడ్డ దారం, వెంట పోతుంది. కాబట్టి మన చేతి అట్ట మీద సాదా గుడ్డకు ఒక బాణం, అంచు గుడ్డకు దానికి అడ్డంగా ఇంకో బాణం ఉండాలి. ఇంకొక తేడా కొలతల్లో వస్తుంది. సెంటీమీటర్ల లెక్కన చేసిన అట్టల్లో కుట్టుకు ఒక సెంటీమీటరు వదులుతారు, మనవాళ్లు అర అంగుళం, అంటే 1.27 సెంటీమీటర్లు లోపలికి కుడతారు. తేడా 0.27 సెంటీమీటర్లే అనిపిస్తుంది. పక్క కుట్లు రెండు, ఒక్కో కుట్టులో అంచులు రెండు, మొత్తం నాలుగు అంచుల మీద లెక్కేస్తే జాకెట్టు చుట్టుకొలత 1.08 సెంటీమీటర్లు తగ్గుతుంది. బిగుతుగా కుట్టే జాకెట్టులో ఇది హుక్కులు పడకుండా చేయడానికి చాలు.

మా ఊరి జీన్స్ యూనిట్లకూ ఈ క్రమశిక్షణ తెలుసు. బళ్లారి పక్కనే ఉండడంతో ఇక్కడ ఆ పని చాలా ఉంది. బల్ల మీద పదుల పొరలు పరిచి ఒకేసారి కోసిన తర్వాత, ఏ పొరలోని ముందు కాలు ఆ పొరలోని వెనుక కాలుతోనే జత కావాలని ప్రతి ముక్కకూ నంబరు స్టిక్కరు వేస్తారు. ఒక రోల్ నీలానికీ ఇంకో రోల్ నీలానికీ కంటికి ఆనని తేడా ఉంటుంది, కుట్టి ఉతికాక అది బయటపడుతుంది. కేంద్రాల్లో నేర్చుకున్న పిల్లలు ఈ యూనిట్లలో పనికి వెళితే, గాటు అంటే ఏమిటి, నంబరు ఎందుకు అన్నది మొదటి నుంచి నేర్పాల్సి వస్తున్నదని మేస్త్రీలు విసుక్కోవడం నేను విన్నాను. విసుక్కోవడంలో తప్పు లేదు.

అట్టకు అలవాటు పడితే కొలత తీయడం మరిచిపోతారని మా తోటి పెద్ద దర్జీలు అంటుంటారు. సైజు అట్టను కళ్లు మూసుకుని వాడితే అది నిజమే, 36 సైజు మనుషులందరికీ భుజం ఒకే తీరుగా ఉండదు. అందుకే నేను అట్టను కొని ఇవ్వను, వాళ్ల చేతే చేయిస్తాను. సొంత కొలతలు తీసి, కాగితం మీద డ్రాఫ్ట్ గీసి, మోటు గుడ్డతో ఒక జాకెట్టు కుట్టి, వేసుకుని, సరిచేసిన తర్వాతనే అట్ట కోయాలి. కొలత సరిగ్గా తీయనివాళ్ల అట్ట ఎలాగూ కుదరదు.

దీనికి ఖర్చు కూడా తక్కువే. నేను వాడేది పాత ఎక్స్‌రే ఫిల్ము. బట్టలకు వాడే బ్లీచింగ్ నీళ్లలో కొంతసేపు నానబెట్టి, చేతులకు తొడుగులు వేసుకుని రుద్దితే నల్లదనం పోయి, అద్దంలా కింది గుడ్డ కనబడుతుంది. పట్టు మీది బుటాలు రెండు ముందు భాగాల్లోనూ ఒకే ఎత్తున రావాలంటే, ఆ ఫిల్ము మీద బుటా బొమ్మను స్కెచ్ పెన్నుతో గీసుకుని, రెండో ముక్క కత్తిరించేటప్పుడు సరిగ్గా దాని మీదే పెట్టవచ్చు. మామూలు అట్టతో ఆ వెసులుబాటు ఉండదు. గుర్తులకు మాత్రం మైనం కలిసిన చాక్ వాడకూడదు, ఇస్త్రీ వేడికి కరిగి పట్టు మీద నూనె మరకలా నిలిచిపోతుంది. మన తాడిపత్రి, బేతంచెర్ల గనుల్లో దొరికే బలపపు రాయి లాంటి దాని పొడితో చేసిన మామూలు చాక్ అయితే దులిపితే పోతుంది. మరీ లేత రంగు పట్టు అయితే చాక్ కూడా వద్దు, రంధ్రంలోంచి దారంతో కచ్చా కుట్టు వేసుకోవడం మేలు.

2023 సెప్టెంబరు 17న మొదలైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని కూడా ఒకటి. పనిముట్ల కోసం అందులో 15,000 రూపాయల దాకా ఈ-వోచర్ రూపంలో ఇస్తున్నారు. ఈ పథకంలోనైనా, జిల్లాలో నడిచే ఇతర కుట్టు కేంద్రాల్లోనైనా, పంచే సామగ్రిలో ఒక జత పారదర్శకపు షీట్లు, ఒక వంపు స్కేలు, గాటు వేసే చిన్న పరికరం చేర్చాలని, శిక్షణలో కనీసం నాలుగు రోజులు అట్ట తయారీకి, ముక్కల జతకు కేటాయించాలని మీ పత్రిక ద్వారా అధికారులను కోరుతున్నాను. పరీక్ష రోజున మిషన్ మీద తిన్నగా కుట్టడమే కాకుండా, విడదీసి కలిపేసిన పది ముక్కలను గాట్లు చూసి జత చేయమని కూడా అడగాలి.

రాయదుర్గం చుట్టుపక్కల ఎవరైనా నేర్పేవాళ్లు అడిగితే, నా దగ్గర ఉన్న 32 నుంచి 42 దాకా అట్టలను నా ఇంట్లోనే కూర్చుని గీసుకుని తీసుకువెళ్లవచ్చు. చేతి అట్ట గీసుకునేటప్పుడు మాత్రం రెండు బాణాలూ మరవకుండా వేసుకోవాలి.

ఇట్లు,
ఒక కుట్టు శిక్షకురాలు,
రాయదుర్గం, అనంతపురం జిల్లా.