నాకు తలుపు తీసినవాళ్లందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. ఇళ్లు శుభ్రం చేసే పని సొంతంగా మొదలుపెట్టాను, గిరాకీ రావడం లేదు, ఏం చేయమంటారని నేను అడిగినప్పుడు చాలామంది ఓపిగ్గా దారి చూపించారు. ఇప్పుడు నా వారం నిండా పని ఉంది. క్రమంగా పిలిచే ఇళ్లు ఉన్నాయి, వచ్చే నెలకు ఒప్పుకున్న పనులూ ఉన్నాయి. ఎవరు చేసిన సాయం ఏమిటో విడివిడిగా చెబితేనే నాకు తృప్తి.

నా ఇబ్బంది ఫోన్లు రాకపోవడం కాదు. ప్రకటన చూసి ఫోన్ చేసేవాళ్లు బాగానే ఉండేవాళ్లు. మగ గొంతు వినగానే అవతల ఒక్క క్షణం ఆగేవాళ్లు. తర్వాత "ఆడవాళ్లెవరూ లేరా అండీ?" అని అడిగేవాళ్లు. లేరంటే, మళ్లీ చేస్తామని పెట్టేసేవాళ్లు. వాళ్ల మీద నాకు కోపం లేదు. ఇంట్లో ఒంటరిగా ఉన్న మనిషి ముక్కూమొహం తెలియని మగవాడిని పడకగది దాకా రానివ్వాలంటే జంకడం న్యాయమే. కానీ రేటు తగ్గించమనీ ప్రకటన పెద్దది చేయమనీ చెప్పినవాళ్లెవరూ ఈ జంకు గురించి మాట్లాడలేదు.

మాట్లాడింది ఒక్క అక్క. ఎన్నో ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న మనిషి. "నువ్వు మంచివాడివని ఫోన్లో ఎవరినీ నమ్మించలేవు తమ్ముడూ. ముందు మనుషులు లేని ఇళ్లు పట్టుకో" అంది. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి వెళ్లిన ఇల్లు, రంగులు వేయడం అయిపోయిన ఇల్లు, అమ్మకానికి పెట్టిన ఇల్లు. అక్కడ భయపడాల్సిన మనిషీ ఉండడు, పోతుందనుకునే వస్తువూ ఉండదు. చేయాల్సిన పని మాత్రం కావలసినంత ఉంటుంది. పొయ్యి పైన గోడకు పట్టేసిన జిడ్డు, నేల మీద ఎండిన రంగు చుక్కలు, కుళాయిల మీద ఉప్పునీటి తెల్లమచ్చలు, కిటికీ గాడిలో ఏళ్ల తరబడి పేరుకున్న మట్టి. పని బాగుందో లేదో తలుపు తీసిన మరుక్షణం తెలిసిపోతుంది. అలాంటి ఇళ్లు అద్దె బ్రోకర్ల చేతిలో ఉంటాయి. వాళ్లకు కావలసింది చెప్పిన తేదీకి పూర్తిచేసే మనిషి. ఆ మనిషి ఆడా మగా అన్నది వాళ్లకు పట్టదు. నన్ను నమ్మి మొదటి తాళంచెవి చేతికిచ్చిన బ్రోకర్ అన్నకు దండం. ఆ తర్వాత ఆయన తోటి బ్రోకర్లకూ నా పేరు చెప్పారు.

అక్క అంతటితో ఆగలేదు. తను వెళ్లే పనులకు నన్నూ వెంటబెట్టుకెళ్లి నేర్పింది. పైనుంచి కిందికే రావాలి, ఫ్యాను రెక్కలు తుడవకుండా నేల జోలికి పోకూడదు. నీళ్లు తగలకముందే పొడి దుమ్ము తీసేయాలి, లేకపోతే అది బురదై గోడల మూలలకు చేరుతుంది. మరుగుదొడ్డికి వాడే గుడ్డ రంగు వేరు, వంటగది గుడ్డ రంగు వేరు, అవి ఎప్పుడూ కలవకూడదు. పాలరాయి మీద వెనిగర్ గానీ నిమ్మ ఉప్పు గానీ పడకూడదు. పాలరాయంటే కాల్షియం కార్బొనేటే కాబట్టి ఆమ్లం దాన్ని తినేసి మెరుపు పోగొడుతుంది. బ్లీచును యాసిడ్‌తో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు, క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన స్నానాలగదిలో అది ప్రాణం మీదికే వస్తుంది. క్రిమిసంహారకం చల్లిన వెంటనే తుడిచేస్తే అది పనిచేయదు. ఎంతసేపు తడిగా ఉంచాలో సీసా మీదే రాసి ఉంటుంది, కొన్నింటికి 10 నిమిషాలు. ఇవన్నీ పని మెళకువలే అనుకున్నాను గానీ గిరాకీని తెచ్చిపెట్టిందీ ఇవే. "మా నేల రాయి మీద ఏం వాడతారు?" అని అడిగినవాళ్లకు, ముందు ఏ రాయో చూసి, కనపడని మూల కాస్త రాసి చూశాకే చెబుతానంటే, గొంతులో అనుమానం అక్కడే తగ్గిపోతుంది.

ఇక మనుషులున్న ఇళ్లలో నన్ను మొదట పిలిచిన మేడమ్. ఆమె ఒకే షరతు పెట్టారు, తన తమ్ముడు ఇంట్లో ఉన్న రోజే రమ్మన్నారు. అది నాకూ మేలే అనిపించింది. గుర్తింపు కార్డు ఫొటో ముందురోజే పంపాను. హాలుతో మొదలుపెట్టి, ప్రతి గదికీ అడిగే వెళ్లాను. తలుపులు బార్లా తీసి ఉంచాను. చెప్పని అల్మరా తెరవలేదు. ఆమె నా గురించి రాసిన నాలుగు వాక్యాలు ఎన్ని ప్రకటనలు ఇచ్చినా రాని పని తెచ్చాయి. "మంచివాడు" అని ఊరికే రాయలేదు, తను చూసింది రాశారు: చెప్పిన వేళకు వచ్చారు, గది గదికీ అడిగి వెళ్లారు, బల్ల మీద ఉంగరం కనిపిస్తే ముట్టుకోకుండా పిలిచి చూపించారు. ఇంట్లో ఒంటరిగా ఉండేవాళ్లకు కావలసిన సంగతులు సరిగ్గా ఇవే. అంతేకాదు, ఎవరైనా ఆమెనే అడిగి తెలుసుకుంటామంటే ఫోన్ ఎత్తి మాట్లాడుతున్నారు. నంబర్ ఇచ్చే ముందు ప్రతిసారీ ఆమెను అడుగుతాను, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. మేడమ్, మీ మేలు మరిచిపోలేను.

పనుల పట్టిక రాసిపెట్టిన మిత్రుడికి కూడా ధన్యవాదాలు. మామూలు శుభ్రతలో ఏమేం ఉంటాయి, ఫ్రిజ్ లోపల, కిటికీల బయటివైపు లాంటివి ఎందుకు విడిగా లెక్కకడతాను అన్నది ఒకే కాగితం మీద ఉండడంతో బేరాలు, చివర్లో మాటలు తేడాపడడం దాదాపు లేవు. గంట లెక్క మానేసి, ఇల్లు చూశాకే మొత్తం రేటు చెప్పమన్నదీ అతనే. ప్రకటనలో నా మొహం స్పష్టంగా కనిపించే ఫొటో పెట్టమన్నవాళ్ల మాటా నిజమైంది. ఇప్పుడు ఫోన్ చేసేవాళ్లకు నేను మగవాడినని ముందే తెలుసు, తెలిసే చేస్తున్నారు.

దూరంగా ఉంటూ, పెద్దవాళ్లయిన అమ్మానాన్నల ఇంటికి నన్ను పంపుతున్న కొడుకులూ కూతుళ్లూ, మీకూ ప్రత్యేకంగా నమస్కారం. వాళ్లు నిచ్చెన ఎక్కకుండా, బరువైన మంచం జరపకుండా చూడడం నాకు ఇష్టమైన పని.

అక్కా, మీకు మోకాళ్ల నొప్పులు కాబట్టి ఎత్తు మీది పనులు ఎవరు అడిగినా నాకు పంపండి. మగవాడు వద్దనుకునే ఇళ్లవాళ్లకు నేను మీ నంబరే ఇస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్లు ఎవరైనా ఉంటే నాకు ఫోన్ చేయండి. పనుల పట్టిక ఇస్తాను, బ్రోకర్లతో ఏం మాట్లాడాలో చెబుతాను, ఖాళీ ఇంటి పని ఉన్న రోజు వెంట తీసుకెళ్తాను.