మంత్రి గారూ, కెమెరాతో ఎక్కడ నడవొచ్చో రాసిపెట్టండి

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి.

రాజమహేంద్రవరంలో ఆదివారం తెల్లవారుజామున కెమెరాలూ ఫోన్లూ పట్టుకుని గుంపుగా నడిచేవాళ్ల తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను. మేం డబ్బు అడగడం లేదు, స్థలం అడగడం లేదు. గోదావరి గట్టున, ఘాట్లలో, వంతెనల దగ్గర, పాత బజారు వీధుల్లో ఎక్కడ ఫోటో తీసుకోవచ్చు, ఎక్కడ తీయకూడదు అన్నది ఒక్క కాగితం మీద తెలుగులో రాసి, అక్కడ డ్యూటీ చేసే ప్రతి మనిషికీ అందేలా చూడమని అడుగుతున్నాం.

ఫోటో వాక్ అంటే పెద్ద కార్యక్రమమేం కాదు. ముందే అనుకున్న చోట పదిహేను ఇరవై మంది కలుస్తారు. రెండు గంటలు నెమ్మదిగా నడుస్తారు, కనిపించింది తీసుకుంటారు, చివర్లో టీ తాగుతూ ఒకరి ఫోటోలు ఒకరు చూసుకుంటారు. రుసుము ఉండదు, పోటీ ఉండదు. స్కాట్ కెల్బీ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ 2008లో ప్రపంచవ్యాప్తంగా ఒకే రోజున ఇలా నడిచే పద్ధతి మొదలుపెట్టాక చాలా దేశాల్లో ఇది అలవాటైంది. చెన్నై, హైదరాబాద్ లాంటి చోట్ల మామూలైపోయింది. మన ఊళ్లో ఇప్పటికీ నలుగురు కెమెరాలతో కనిపిస్తే "ఏం షూటింగండీ?" అని అడుగుతారు. జనం అడిగితే సంతోషమే, మాటలు కలుస్తాయి. చిక్కంతా కాపలా ఉన్నవాళ్లు అడిగినప్పుడు వస్తుంది.

ఈమధ్య ఒక ఘాట్ దగ్గర మమ్మల్ని ఆపేశారు. పర్మిషన్ లెటర్ ఏదన్నారు. ఎవరి దగ్గర తీసుకోవాలంటే ఆ కాపలా మనిషికి తెలియదు. తప్పు ఆయనది కాదు, ఆయనకెవరూ చెప్పలేదు. మరుసటి రోజు ఒక ఆఫీసుకు వెళ్తే ఇది మా పరిధి కాదు, ఫలానా ఆఫీసుకు వెళ్లండి అన్నారు. అక్కడికి వెళ్తే ప్రీ వెడ్డింగ్ షూట్‌కు కట్టే ఫీజు లాంటిదేదో కట్టాల్సి ఉంటుందేమో కనుక్కోండి అన్నారు. ఇంకో చోట అయితే ఫోన్‌తో తీస్తే ఏమీ అనం, పెద్ద కెమెరా అయితే కుదరదు అన్నారు. ఇప్పుడు ఫోన్లు తీసే ఫోటోల నాణ్యత తెలిసిన ఎవరికైనా ఈ తేడాలో అర్థం లేదని తెలుస్తుంది. సామాన్యుడి చేతిలో పాత కెమెరా ఉంటే అనుమానం, ఖరీదైన ఫోన్ ఉంటే గౌరవం అన్నట్టుంది పరిస్థితి.

పెళ్లి షూటింగులకు ఫీజు పెట్టండి, మాకేం అభ్యంతరం లేదు. వాళ్లు లైట్లు, గొడుగులు, స్టాండులు తెచ్చి ఒకే మెట్టు మీద గంటలకొద్దీ ఉంటారు, అది వాళ్ల వ్యాపారం. చేతిలో కెమెరాతో నడుచుకుంటూ పోయేవాడు దారిన పోయేవాడితో సమానం. ఈ రెండింటినీ విడదీసి రాస్తే సగం గొడవ తీరిపోతుంది.

మా వైపు నుంచి మేం పాటించేవి కూడా చెప్పాలి. ఘాట్లో స్నానం చేసే ఆడవాళ్ల వైపు కెమెరా ఎత్తం. కోటిలింగాల రేవులో పిండప్రదానాలు జరుగుతుంటే కెమెరా బ్యాగులో పెట్టేస్తాం. ఎవరో తండ్రిని పోగొట్టుకుని గుండు చేయించుకుని కూర్చున్న క్షణం మనకు మంచి ఫ్రేమ్ కాకూడదని కొత్తగా వచ్చిన ప్రతి కుర్రాడికీ మొదటి రోజే చెప్తాం. పిల్లల్ని తీయాలంటే పక్కనున్న పెద్దవాళ్లను అడుగుతాం. వద్దంటే వద్దనే. పనిచేస్తున్న రైలు పట్టాల దగ్గరకు పోం. డ్రోన్ ఎగరేయం, దానికి వేరే నిబంధనలున్నాయి. ముఖం స్పష్టంగా తీసిన మనిషికి వీలైనంతవరకు ఆ ఫోటో కాగితం మీద వేయించి ఇస్తాం. పడవలు నడిపేవాళ్లు, పూలమ్మేవాళ్లు, రిక్షా బళ్లమీద సామాను లాగేవాళ్లు, వీళ్లలో చాలామందికి ఫోన్లో ఫోటోలుంటాయి గానీ గోడకు తగిలించుకునేది ఉండదు. ఒక పడవాయన తన ఫోటో తీసుకుని "మా ఇంటిదానికి చూపిస్తానండి, నమ్మదు" అన్నాడు. ఆ తర్వాత మేం రేవుకు వెళ్తే ఏ మూల నుంచి పడవలు బాగా కనిపిస్తాయో ఆయనే చూపిస్తున్నాడు.

ఇక ఈ ఊరి సంగతి. రాజమహేంద్రవరం గోదావరికి తూర్పు గట్టున ఉంది. అందుకని మన ఘాట్లలో నిలబడితే సూర్యుడు వెనక నుంచి, ఇళ్ల కప్పుల మీదుగా వస్తాడు. తొలి ఎండ నేరుగా వెళ్లి వంతెనల మీద పడుతుంది. ఇనుప గడ్డర్ల తుప్పు రంగు, రాతి స్తంభాల గరుకు, అన్నీ ఆ అరగంటలోనే తేలతాయి. నీళ్ల మీద సూర్యోదయం కావాలంటే అవతలికి, కొవ్వూరు గోష్పాద క్షేత్రం రేవుకు పోవాలి. సాయంత్రం మళ్లీ ఇటు రావాలి, కొవ్వూరు వైపు పొద్దు గుంకుతుంటే ఆర్చి వంతెన విల్లులు నల్లగా నిలబడతాయి. ఋతువును బట్టి నది వేరే నది అయిపోతుంది. శ్రావణంలో ఎర్రనీరు, కార్తికంలో తేటనీరు, దీపాలు, మాఘంలో మంచు, ఎండాకాలంలో ఇసుక తిన్నెలు. కొత్తవాళ్లకు ఇవన్నీ చెప్పి తీసుకెళ్లడంలోనే ఫోటో వాక్ అసలు ప్రయోజనం ఉంది. కెమెరా నేర్పడం దాని తర్వాతే.

బజారు వైపు నడక ఇంకో రకం. కోటగుమ్మం దగ్గర రోజ్‌మిల్క్ కొట్లు తెరవకముందు వీధి ఎలా ఉంటుందో చూసినవాళ్లు తక్కువ. తాడితోటలో బట్టల మూటలు దిగే వేళ, ఇన్నీసుపేటలో పాత మేడల వసారాలు, కందుకూరి వీరేశలింగం గారి పేరు మోస్తున్న టౌన్‌హాలు. దామెర్ల రామారావు గారి చిత్రశాలకు కొత్తవాళ్లను తప్పకుండా తీసుకెళ్తాం. ఈ ఊళ్లో 1897లో పుట్టి, 28 ఏళ్లు నిండకుండానే 1925లో పోయిన మనిషి ఆయన. ఇక్కడి నదినీ, మనుషుల్నీ, పొద్దునీ కళ్లతో చూసి రంగుల్లో పెట్టాడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రాడిలోని ప్రతిభను గుర్తించి వెన్నుతట్టాడు. ఊరిని చూడటం నేర్పే పెద్దవాడొకడుంటే ఏమవుతుందో చెప్పడానికి మాకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

హేవలాక్ వంతెన గురించి ప్రత్యేకంగా రాయాలి. 1897లో పని మొదలుపెట్టి 1900లో రైళ్లు నడిపించారు. 1997లో ఆర్చి వంతెన వచ్చాక దాని మీద రైళ్లు ఆగిపోయాయి. మధ్యలో 1974లో రోడ్డు కమ్ రైలు వంతెన, తర్వాత 2015లో కాతేరు వైపు నాలుగోది వచ్చాయి. నూరేళ్లకు పైబడిన ఇంజినీరింగ్ అంతా ఒకే నది మీద, ఒకే ఊళ్లో వరసగా కనిపించే చోటు ఇది. అఖండ గోదావరి ప్రాజెక్టుకు 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. అందులో ఈ పాత వంతెనను, పుష్కర ఘాట్‌ను పర్యాటకుల కోసం తీర్చిదిద్దుతారన్న సంగతి విని సంతోషించాం. ఒక విన్నపం. రంగులు వేసే ముందు, దీపాలు బిగించే ముందు, ఆ వంతెన ఇప్పుడున్న స్థితిని వివరంగా ఫోటోలు తీయనివ్వండి. ఇంజినీర్ల సమక్షంలో, వాళ్లు చెప్పిన చోట మాత్రమే నిలబడి తీస్తాం. రివిట్లు, రాళ్ల మీది గుర్తులు, గడ్డర్లలో మొలిచిన రావి మొక్కలు, అన్నీ. ఒకసారి రంగు పడ్డాక ఆ ఇనుము మళ్లీ ఎవరికీ కనిపించదు. వంతెన తెరిచాక పొద్దున్నే నడిచేవాళ్ల కోసం గేటు త్వరగా తీయమని కూడా అడుగుతున్నాం. పది గంటలకు తెరిస్తే సెల్ఫీలకు సరిపోతుందేమో గానీ, ఫోటోకు వెలుగు అప్పటికే అయిపోతుంది.

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. అప్పటికి ఘాట్లు మారతాయి, రోడ్లు వెడల్పవుతాయి, పాత ఇళ్లు కొన్ని పోతాయి. మార్పు రావాలి, కాదనం. ఇప్పటి ఊరిని వీధి వీధినా తీసిపెట్టుకోవడానికి మాత్రం మనకు మిగిలింది ఈ కొద్ది కాలమే. ఈ పనికి ఏజెన్సీని పెట్టి టెండర్ పిలవక్కర్లేదు. నడిచే జనం ఉన్నారు, ఇష్టంగా తీస్తారు. తీసినవాటిలో మంచివి తేదీ, చోటు రాసి గౌతమీ గ్రంథాలయంలో అందరూ చూసేలా దాచే ఏర్పాటు చేస్తే చాలు. 1986 వరద నాటి ఫోటోలు ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో ఆల్బముల్లో, ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి. చెమ్మకు అంటుకుపోతున్నాయి. అలాంటివి స్కాన్ చేయించుకోవడానికి తెచ్చేవాళ్లు కూడా ఇలాంటి నడకల వల్లే బయటికి వస్తారు, ఎందుకంటే దారిలో మాటల్లోనే "మా నాన్న తీసిన ఫోటో ఒకటుందండి" అంటారు.

పుష్కరాల పన్నెండు రోజులూ మేం గుంపుగా నడవం. 2015 జులై 14న పుష్కర ఘాట్‌లో జరిగిన తొక్కిసలాటను ఈ ఊరు మరిచిపోలేదు. రద్దీలో ఆగి ఫోటో తీసేవాడు వెనకవాళ్లకు ప్రమాదం. ఆ రోజుల్లో గుంపు నడకలు వద్దని మీరు రాసే కాగితంలో మీరే పెట్టండి, మేం సమర్థిస్తాం.

ఇంకో విషయం. మా నడకలకు అమ్మాయిలు, గృహిణులు వస్తున్నారు. ఒంటరిగా తెల్లవారుజామున కెమెరా పట్టుకుని గట్టున నిలబడాలంటే వాళ్లకు ఎంత టెన్షనో మీకు తెలియంది కాదు. పదిమందితో కలిసి వస్తే ఇంట్లో ఒప్పుకుంటున్నారు. వాళ్లలో కొందరు మా అందరికంటే బాగా తీస్తున్నారు. ఎదుటివాళ్లను అడిగి తీయడం, మాట కలపడం వాళ్లకు మాకంటే తేలిక. అలాంటి గుంపును అందరి ముందూ ఆపి, మీరెవరు, ఎందుకొచ్చారు అని గద్దించి అడిగితే మర్నాడు రావడం మానేస్తారు. కొందరు మానేశారు కూడా. ఆ నడకల వేళకు ఘాట్లలో మరుగుదొడ్లు తాళం వేసి ఉంటున్నాయి. వాటిని అయిదింటికల్లా తెరిపించండి. ఇది ఫోటోల కోసం వచ్చేవాళ్లకే కాదు, పొద్దున్నే స్నానానికి వచ్చే ఆడవాళ్లందరికీ అవసరం.

ఇదే పద్ధతి డెల్టా అంతటికీ పనికొస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట మీద ఎక్కడ ఆగి తీసుకోవచ్చో, కడియపులంక పూల మార్కెట్‌లో ఏ వేళకు వెళ్తే వ్యాపారానికి అడ్డం కాదో, కోటిపల్లి రేవులో ఏం చేయకూడదో ఆయా చోట్లవాళ్లే చెప్పగలరు. ఉప్పాడలో సముద్రం తీరాన్ని కోసుకుపోతోంది. ఒకే చోట నిలబడి ఏడాదికోసారి తీసిన ఫోటోలు అక్కడ కేవలం అందానికి కాదు, రేపు ఇల్లు పోయిన మనిషికి సాక్ష్యంగా కూడా పనికొస్తాయి.

కాబట్టి మా మనవి ఇది. అనుమతి కోసం తిరగాల్సిన పని పెట్టకుండా, ఫలానా ఆదివారం, ఫలానా దారి, ఇంతమంది అని ముందుగా ఒక నంబరుకు కబురు పెడితే సరిపోయేలా నియమం చేయండి. ఆ కబురు ఘాట్ కాపలావాళ్లకూ, దగ్గరి పోలీస్ స్టేషన్‌కూ చేరేలా చూడండి. భద్రత కారణంగా తీయకూడని చోట్లు ఉంటే స్పష్టంగా బోర్డు పెట్టండి, గీత దాటం. జిల్లా కలెక్టర్, నగరపాలక సంస్థ, ఇరిగేషన్, దేవాదాయ, రైల్వే అధికారులు ఒక్కసారి కూర్చుంటే ఈ కాగితం ఒక పూటలో తయారవుతుంది. విడివిడిగా అడిగితే అందరూ పక్కవాళ్ల వైపే చూపిస్తున్నారు, అందుకే నేరుగా మీకు రాస్తున్నాం.

మేం నడిచే దారుల పటం, పాటించే నియమాలు, తీయకూడదని మేమే నిర్ణయించుకున్న చోట్ల జాబితా తయారుచేసి ఉంచాం. మీ కార్యాలయం నుంచి రోజు, వేళ చెప్తే పట్టుకుని వస్తాం.

ఇట్లు,
భవదీయుడు,
రాజమహేంద్రవరం ఆదివారం ఫోటో నడకల నిర్వాహకుల్లో ఒకరు