చిన్న దేశాల మహిళల బాస్కెట్‌బాల్ టోర్నీకి ఇంకొక్క రోజు ఇవ్వండి: ఫిబా యూరప్ అధ్యక్షులకు బహిరంగ లేఖ

ఫిబా యూరప్ (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య యూరప్ విభాగం) అధ్యక్షులు హోర్హె గార్బహోసా గారికి నమస్కారం.

1989లో ప్రమోషన్ కప్ పేరుతో మొదలైన మహిళల చిన్న దేశాల యూరోపియన్ చాంపియన్‌షిప్ గురించి ఈ లేఖ. మేం అడుగుతున్నది ఒక్కటే: షెడ్యూల్‌ను 6 రోజుల నుంచి 7 రోజులకు పెంచండి. ఆ అదనపు రోజును ఎక్కడ పెట్టాలో కూడా కింద రాశాం, ఎందుకంటే తప్పుచోట పెడితే పెంచినా ప్రయోజనం ఉండదు.

2018లో ఐర్లండ్‌లోని కార్క్‌లో ఈ పోటీ జూన్ 26న మొదలై జూలై 1న ముగిసింది. 2021లో సైప్రస్‌లోని నికోసియాలో జూలై 20 నుంచి 25 వరకు జరిగింది. రెండూ ఆరు రోజులే. ఎనిమిది జట్లు రెండు గ్రూపులుగా ఆడితే, ఫైనల్ చేరే జట్టుకు గ్రూపులో 3, ఆపైన 2, మొత్తం 5 మ్యాచ్‌లు. ఆరు రోజుల్లో ఐదు మ్యాచ్‌లంటే మిగిలేది ఒకే ఒక్క విరామం. ఆ విరామం ఎక్కడ వేసినా ఒకవైపు కనీసం మూడు రోజులు వరుసగా ఆడక తప్పదు. 2006లో జపాన్‌లో ఆటగాడిగా మీరు ప్రపంచ టైటిల్ గెలిచినప్పుడు స్పెయిన్ 9 మ్యాచ్‌లు ఆడింది, టోర్నీ మాత్రం ఆగస్టు 19 నుంచి సెప్టెంబర్ 3 వరకు సాగింది. మీదంతా పూర్తికాలం ఆటే వృత్తిగా ఉన్నవాళ్ల జట్టు. ఈ టోర్నీలో ఆడేవాళ్లలో చాలామంది ఉద్యోగానికి సెలవు పెట్టి, పరీక్షలు ముగించుకుని వచ్చేవాళ్లు. క్లబ్ సీజన్ వసంతంలోనే ముగిసి ఉంటుంది. వారాల తరబడి పోటీ ఆట లేని శరీరం మీద ఒక్కసారిగా ఐదు మ్యాచ్‌ల భారం పడుతుంది.

‘జట్టులో 12 మంది ఉన్నారు కదా, మార్చి మార్చి ఆడించుకోవచ్చు’ అని మీ పోటీల విభాగం అనవచ్చు. కాగితం మీద నిజమే. నలభై నిమిషాల మ్యాచ్‌లో ఐదుగురి లెక్కన 200 నిమిషాలు పంచాలి. చిన్న దేశాల్లో మొదటి ఐదుగురికీ తొమ్మిదో ప్లేయర్‌కూ మధ్య అంతరం చాలా పెద్దది. వేరే దేశం నుంచి వచ్చి పౌరసత్వం పొందిన ప్లేయర్‌ను ఒక్కరినే అనుమతించే నిబంధన వల్ల బెంచ్‌ను బయటినుంచి నింపుకునే వీలూ లేదు. కాబట్టి కోచ్ మొదటి ఐదుగురిని తలా 33 నిమిషాలు ఆడిస్తాడు. ఐదు మ్యాచ్‌లకు ఒక్కొక్కరికి 165 నిమిషాలు.

దీనికి టై బ్రేక్ నిబంధన తోడవుతుంది. మూడు జట్లు సమాన పాయింట్లతో నిలిస్తే ముందు చూసేది ఆ మూడింటి మధ్య జరిగిన మ్యాచ్‌ల పాయింట్ల తేడానే, గ్రూపు మొత్తం తేడా కాదు. అంటే బలహీన జట్టును 50 పాయింట్లతో ఓడించినా అక్కడ లెక్కలోకి రాదు. తమకు సమానమైన జట్టు చేతిలో 12తో ఓడుతున్నామా, 7తోనా అన్నదే సెమీఫైనల్ బెర్తును తేల్చవచ్చు. అందుకే ఓడిపోతున్న మ్యాచ్‌లో కూడా చివరి నాలుగు నిమిషాల్లో ఏ కోచ్ మొదటి ఐదుగురిని కూర్చోబెట్టడు, కూర్చోబెట్టకూడదు కూడా. విశ్రాంతి బెంచ్ నుంచి దొరకదు, క్యాలెండర్ నుంచే దొరకాలి.

మూడో రోజు ఏం జరుగుతుందో స్కోరుషీటులోనే కనిపిస్తుంది. కాళ్లలో బలం తగ్గగానే జంప్ షాట్లు రింగు ముందు అంచుకు తగులుతాయి. డిఫెన్స్‌లో కాళ్లు కదలక చేతులు ముందుకెళ్తాయి. క్వార్టర్‌లో నాలుగు టీమ్ ఫౌళ్లు తొందరగా పూర్తయి, ఐదోదానినుంచి ప్రత్యర్థికి రెండేసి ఫ్రీ త్రోలు. ఇవి ఆటకు నష్టం, అంతే. ఒంటికాలి మీద దిగుతున్నప్పుడు మోకాలు లోపలికి వంగడం వేరే సంగతి. మోకాలిలోని ఏసీఎల్ లిగమెంట్ గాయాలు పురుషులకంటే మహిళా క్రీడాకారుల్లో ఎక్కువ, కోలుకోవడానికి తొమ్మిది నెలలు, ఒక్కోసారి ఏడాది. చిన్న దేశంలో అలాంటి ఒక్క గాయం అంటే ఆ స్థానంలో ఆడగల ఏకైక మనిషి తర్వాతి సీజన్‌కు లేనట్టే.

మ్యాచ్ వేళలూ ముఖ్యమే. ఒకే హాలులో నాలుగు మ్యాచ్‌లంటే మధ్యాహ్నం 1, 3.30, సాయంత్రం 6, రాత్రి 8.30 అనుకుందాం. సాయంత్రపు వేళ ఆతిథ్య జట్టుకే పోతుంది, టికెట్ల కోసం అది అర్థం చేసుకోదగ్గదే. కానీ రాత్రి 8.30కి ఆడిన జట్టు హోటల్ చేరేసరికి 11 దాటుతుంది. భోజనం, ఐస్, ఫిజియో అయ్యాక ఒంటిగంటకు నిద్ర. మర్నాడు 1 గంటకు మ్యాచ్ ఉంటే మూడున్నర గంటల ముందు, అంటే 9.30కల్లా తినేయాలి. ఒక మ్యాచ్ ముగింపుకూ తర్వాతి మ్యాచ్ ఆరంభానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలని నియమం పెడితే ఈ జత దానంతటదే పోతుంది.

ఇక ఏడు రోజుల పట్టిక. మొదటి రోజు నాలుగు మ్యాచ్‌లు. రెండో రోజు ఏ గ్రూపు మాత్రమే, మూడో రోజు బీ గ్రూపు మాత్రమే, రోజుకు రెండేసి. నాలుగో రోజు మళ్లీ నాలుగు. ఐదో రోజు అందరికీ విరామం. ఆరో రోజు సెమీస్, దిగువ స్థానాల మ్యాచ్‌లు, ఏడో రోజు ఫైనల్, చివరి స్థానాల మ్యాచ్‌లు. ఈ పద్ధతిలో ఏ జట్టూ రెండు రోజులకు మించి వరుసగా ఆడదు. సెమీస్‌ను 3.30, 6 గంటలకు పెట్టి, ఫైనల్‌ను మర్నాడు సాయంత్రానికి ఉంచితే 18 గంటల నియమమూ నిలుస్తుంది. ఏడు జట్లే వస్తే ఐదో రోజు విరామం ఇంకా అవసరం: మూడు జట్ల గ్రూపునుంచి వచ్చినవాళ్లు 80 నిమిషాలు, నాలుగు జట్ల గ్రూపువాళ్లు 120 నిమిషాలు ఆడి సెమీస్‌లో ఎదురుపడతారు. దాన్ని పూర్తిగా సరిచేయలేం, తగ్గించగలం.

ఖర్చు తగ్గించాలని 7, 8 స్థానాల మ్యాచ్‌ను మాత్రం తీసేయకండి. ఈ టోర్నీకి జనాభా పరిమితి లేదు. ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు జిబ్రాల్టర్‌కూ డెన్మార్క్‌కూ తలుపు ఒకటే, 2018లో గెలిచింది డెన్మార్కే. అతి చిన్న జట్లకు గెలవగల మ్యాచ్ దొరికేది ఆ చివరి రోజునే.

జట్టుకు 12 మంది ప్లేయర్లు, ఆరుగురు సిబ్బంది చొప్పున ఎనిమిది జట్లకు 144 మంది. ఇద్దరికో గది అనుకుంటే 72 గదులు, ఒక్క రాత్రి అదనం. ఐదో రోజు హాలును ప్రాక్టీసుకే ఇవ్వాలి, జట్టుకు గంట చాలు. ఈ భారాన్ని ఆతిథ్య సమాఖ్య మీద వేయకుండా ఫిబా యూరప్ భరించాలని మా విజ్ఞప్తి. ఫలితం వెంటనే చూడాలనుకుంటే 2021 ఫైనలిస్టు ఐర్లండ్‌ను గుర్తుచేసుకోండి. అదే ఏడాది నవంబర్‌లో ఆ జట్టు 2023 మహిళల యూరోబాస్కెట్ (యూరప్ ప్రధాన చాంపియన్‌షిప్) అర్హత పోటీల్లో దిగింది. అక్కడికి వెళ్లేవాళ్లు జూలైలో గాయపడకూడదు.

తర్వాతి టోర్నీకి ఆతిథ్య బిడ్లు పిలిచే పత్రంలోనే 7 రోజులు, 18 గంటలు అన్న రెండు షరతులు రాయండి. తేదీలను కనీసం పది నెలల ముందు ప్రకటించండి, సెలవులకు దరఖాస్తు చేసుకునేవాళ్లకు అది చాలు.

ఇట్లు,
మహిళా బాస్కెట్‌బాల్ కోచ్‌లు, ఫిజియోలు, టేబుల్ అఫీషియల్స్